నాన్న రిపోర్టులో ఆ 14

మాంచెస్టర్, జనవరి

అమ్మా,

నాన్న రిపోర్టు ఫోటో చూశాను. విటమిన్ డి మిల్లీలీటరుకు 14 నానోగ్రాములు. తక్కువే, 20 దాటాలి. కానీ "డి తక్కువుంటే వైరల్ జ్వరం ఊపిరితిత్తులకు దిగుతుందట" అని ఎవరో అన్నారని రోజుకో సాచెట్ వేయకండి. ఒక్కోదాంట్లో 60,000 యూనిట్లుంటాయి. అది వారానికి ఒకటి చొప్పున 8 వారాల మందు.

ఇక్కడున్న వదిన రిపోర్టులో 52 ఉంది, నాన్నది మరీ 14 ఏంటని కంగారుపడ్డావట. ఇక్కడి ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, 2.5తో భాగించాలి. వదినది మన లెక్కలో 21, అంతే.

ఇక అసలు సంగతి. ఫ్లూ, కోవిడ్ ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్ళలో డి తక్కువగా కనబడటం నిజమే. అయితే ఒంట్లో వాపు, జ్వరం ఉన్నప్పుడు రక్తంలో డి దానంతటదే పడిపోతుంది. పైగా ముసలితనం, షుగరు, ఊబకాయం, ఇల్లు కదలకపోవడం ఉన్నవాళ్ళకు డీ తక్కువే, జబ్బూ ముదురుతుంది. కాబట్టి డి తగ్గడం వల్లే జబ్బు ముదిరిందని ఆ లెక్కలు చూసి చెప్పలేం.

మందు ఇచ్చి చూస్తేనే తేలేది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 25 ప్రయోగాలను కలిపి లెక్కేస్తే, రోజూ గానీ వారం వారం గానీ తీసుకున్నవాళ్ళకు జలుబు, దగ్గు, ఫ్లూ లాంటివి కాస్త తగ్గాయి. డి 10 కంటే తక్కువున్నవాళ్ళకు ఎక్కువ మేలు. ఒకేసారి పెద్ద మోతాదు మింగినవాళ్ళకు మాత్రం ఏమీ లేదు. తర్వాత కొత్త ప్రయోగాలు చేరేకొద్దీ ఆ కాస్తా పలచబడింది. ఇక్కడ బ్రిటన్‌లోనే 6,000 మందికి పైగా జనంతో ఒక ప్రయోగం చేశారు. డి తక్కువున్నవాళ్ళకు ఆరు నెలలు రోజుకు 800 లేదా 3,200 యూనిట్లు ఇచ్చినా కోవిడ్ తగ్గలేదు, జలుబులూ తగ్గలేదు. బ్రెజిల్‌లో కోవిడ్‌తో చేరినవాళ్ళకు ఒకేసారి 2 లక్షల యూనిట్లిచ్చారు. రక్తంలో డి పెరిగింది గానీ ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గలేదు. జ్వరం వచ్చాక డి పోయడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. నాన్నకు ఇది ఎముకల కోసం, కండల బలం కోసం. ఆ లెక్కన తప్పకుండా వేయండి.

ఆదివారం మధ్యాహ్నం, పప్పూ నెయ్యీ వేసుకుని అన్నం తిన్నాక, గ్లాసు పాలలో కలిపి ఇవ్వు. కొవ్వుతో కలిస్తే ఒంటికి బాగా పడుతుంది, పరగడుపున కాఫీ మీద వద్దు. వేసిన రోజు క్యాలెండర్లో గీత పెట్టు. ఒక వారం మరిచిపోతే మరుసటి వారం రెండు వేయకూడదు. "ఒక్క సూదితో అయిపోతుంది" అని 6 లక్షల ఇంజెక్షన్ అంటగడితే వద్దను. ఆస్ట్రేలియాలో ముసలి ఆడవాళ్ళకు ఏడాదికోసారి 5 లక్షలిస్తే పడిపోవడాలు, ఎముకలు విరగడాలు పెరిగాయి.

మోతాదు మించితే రక్తంలో కాల్షియం ఎక్కుతుంది. ఆగని దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, మతిమరుపు మొదలైతే సాచెట్ ఆపేసి రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) చూపించండి. మొదలుపెట్టే ముందు కూడా ఆ రెండూ ఒకసారి చేయించడం మంచిది. డి పరీక్ష మళ్ళీ మూడు నెలలకే, ఈలోపు చేయిస్తే డబ్బు దండగ.

ఎండ సంగతి: పొద్దున్నే ఏడింటి లేత ఎండలో డి తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. తిరుపతిలో కొలిస్తే 11 నుంచి 2 మధ్యే డి బాగా తయారైంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పుడని గుర్తు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు. ఈ చలికాలంలో 20 నిమిషాలు చేతులు, కాళ్ళు ఎండకు పెట్టమను, మే నెలలో మాత్రం వద్దు. ఇక్కడ అక్టోబరు నుంచి మార్చి మొదటి దాకా ఏ వేళైనా ఆ కిరణాలుండవు. అందుకే ప్రభుత్వమే రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు వేసుకోమంటుంది. మన రంగువాళ్ళను ఏడాది పొడుగునా ఆలోచించుకోమంటుంది.

ఊపిరితిత్తుల భయమైతే ఏటా ఫ్లూ టీకా, డాక్టరునడిగి న్యుమోనియా టీకా వేయించండి. షుగరు అదుపులో ఉంచండి. దగ్గు, జ్వరం ఉన్నప్పుడు ఆక్సీమీటరు 94 కంటే దిగితే ఇంట్లో కూర్చోవద్దు.

మొదటి సాచెట్‌కు ముందు నాన్న బీపీ మాత్రల అట్ట, కాల్షియం మాత్రల అట్ట ఫోటోలు పంపు. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ ఉంటే కాల్షియం ఒంట్లోనే నిలిచిపోతుంది, అప్పుడు మోతాదు సంగతి డాక్టరుతో తేల్చుకోవాలి.

నీ
చిన్ని