సూదిమందు ఎందుకిచ్చారన్నది సరే, వచ్చిన జబ్బు మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

షుగరును, బరువును తగ్గించే వారపు సూదిమందుల కంపెనీల షేర్లపై సాగుతున్న చర్చను కొంతకాలంగా శ్రద్ధగా గమనిస్తున్నాను. ఈ మందుల్లో ఎప్పటికైనా పెద్ద ప్రమాదం బయటపడుతుందేమోనని మదుపరుల్లో కొందరి భయం. గుండెపోటు ముప్పు వల్ల 2004లో వయాక్స్ అనే నొప్పి మాత్రను ఉపసంహరించుకున్న రోజే దాని తయారీదారు మెర్క్ షేరు నాలుగో వంతుకు పైగా పడిపోయిన సంగతి తెలిసినవారు దాన్ని తేలిగ్గా కొట్టిపారేయరు. బీమా సంస్థలు ఖర్చు భరించకపోతే అమ్మకాలు ఎంతకాలం పెరుగుతాయన్నది మరికొందరి సందేహం. ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా లెక్కగడుతున్నారు కానీ, మా ఇంట్లో అవి రెండూ ఒకే మందుల చీటీ మీద కలిశాయి.

మా చెల్లెలికి పదకొండేళ్లుగా షుగరు. మాత్రలతో అదుపులోకి రాకపోవడంతో నిరుడు డాక్టరు ఆమెకు టిర్జెపటైడ్ రాశారు. చీటీలో జబ్బు పేరు రాసే చోట ‘మధుమేహం, స్థూలకాయం’ అని రెండూ ఉన్నాయి. ఆసుపత్రిలో చేరకుండా వాడే (ఓపీ) మందులు పాలసీలోకి రావు కనుక ఆ ఖర్చు మేమే పెట్టుకున్నాం. 2025 మార్చిలో ఈ మందు మౌంజారో పేరుతో మన దేశానికి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా ధర 3,500 రూపాయలు, అంటే నెలకు నాలుగింటికి 14,000. ఫ్రిజ్‌లో కూరగాయలకు తగలకుండా ఆ సీసాలను ఒక స్టీలు డబ్బాలో పెట్టి, ప్రతి ఆదివారం ఉదయం తానే పొట్టకు సూది వేసుకునేది. షుగరు నిజంగానే తగ్గింది. ఏడో నెలలో ఒక రాత్రి కుడి డొక్కలో మొదలైన నొప్పి తెల్లవారేసరికి భరించలేనంత అయింది. పిత్తాశయంలో రాళ్లని తేలి ఆపరేషన్ చేశారు.

పాలసీ తొమ్మిదేళ్లుగా తప్పకుండా రెన్యువల్ అవుతోంది కాబట్టి ఇలాంటి జబ్బులకు ఉండే వెయిటింగ్ పీరియడ్ ఎప్పుడో దాటిపోయింది. అయినా బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి చెల్లించే క్యాష్‌లెస్‌ను నిరాకరించారు. తర్వాత క్లెయిమ్‌ను కూడా ‘బరువు నియంత్రణ చికిత్స పర్యవసానం’ అని రెండు వాక్యాల్లో తిరస్కరించారు.

ఇక్కడే నా అభ్యంతరం. భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2019లో మినహాయింపుల, అంటే బీమా వర్తించని సందర్భాల భాషను అన్ని కంపెనీలకూ ఒకటే చేసింది. అందులో స్థూలకాయం, బరువు నియంత్రణకు సంబంధించిన ఆరో నంబరు మినహాయింపు మాట్లాడేది స్థూలకాయానికి చేసే శస్త్రచికిత్స గురించి మాత్రమే. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచిక) కనీసం 40, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులుంటే కనీసం 35 ఉండాలని, అంతకన్నా తేలికైన పద్ధతులు అప్పటికే విఫలమై ఉండాలని అది షరతు పెడుతుంది. ఈ సూది అలాంటి తేలికైన పద్ధతే కదా! ముందు దాన్ని ప్రయత్నించాలని కోరే నిబంధననే చూపించి, దానివల్ల జబ్బు పడ్డవారిని వదిలేయడం ఏ విధంగా న్యాయం? పైగా మా చెల్లెలికి చేసింది స్థూలకాయ శస్త్రచికిత్స కానే కాదు, పిత్తాశయం తొలగింపు.

ఇది ఊహించని దుష్ఫలితం కూడా కాదు. ఇదే కోవకు చెందిన సెమాగ్లుటైడ్‌ను 1,961 మందిపై పరీక్షించి 2021లో ప్రచురించిన ఫలితాల్లో, పిత్తాశయ సమస్యలు మందు తీసుకున్నవారిలో 2.6 శాతం మందికి, ఉత్తుత్తి సూది తీసుకున్నవారిలో 1.2 శాతం మందికి వచ్చాయి. బరువు వేగంగా తగ్గితే రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నదే. అలాగని మందు చెడ్డదని నేను అనను. గుండెజబ్బు ఉన్న 17,604 మందిపై ఇదే సెమాగ్లుటైడ్‌తో జరిగిన మరో పరీక్షలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. ప్రమాదం చిన్నదే కావచ్చు, కానీ అది ఎవరి నెత్తిన పడుతుందో ముందే తేలాలి.

అమెరికాలో 2003 నాటి చట్టం బరువు తగ్గించే మందులను వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ నుంచి మినహాయించడంతో, ఒకే సెమాగ్లుటైడ్‌కు మధుమేహమని రాస్తే బీమా వచ్చి, బరువని రాస్తే రాని పరిస్థితి ఏర్పడింది. అక్కడ వివాదం మందు ఖరీదు గురించి. ఇక్కడ చీటీలో ‘స్థూలకాయం’ అన్న ఒక్క మాటకే ఆసుపత్రి ఖర్చు కూడా పోతోంది. మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చితో తీరిపోవడంతో చవక మందులకు దారి తెరుచుకుంది. ఇకపై మధ్యతరగతి ఇళ్లలో ఎందరో వీటిని వాడతారు.

కనుక, డాక్టరు రాసిన మందు వల్ల తలెత్తిన జబ్బుకు ఆసుపత్రిలో చేరితే, ఆ మందు దేనికి రాశారన్న కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించరాదని నియంత్రణ సంస్థ స్పష్టమైన ఆదేశం ఇవ్వాలని కోరుతున్నాను. మేము ఇప్పటికే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాం. నెలలోగా జవాబు రాకపోతే ఆ చీటీ, డిశ్చార్జ్ సమ్మరీ, తిరస్కరణ లేఖ పట్టుకుని ఇలాంటి ఫిర్యాదులను విచారించే చెన్నైలోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్తాం.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై