ప్రోగ్రెసివ్ కళ్లజోడు చేయించుకున్న వాళ్లకు ఒక మాట

ఫిబ్రవరి నుంచి మే దాకా మన షాపులో ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే గీత లేకుండా దూరం, దగ్గర రెండూ చూపించేవి, వేయించుకున్న అందరికీ ఇది. మొత్తం 31 జోళ్లు. నేను ఆర్డర్ పెట్టింది ఒకటి, మీ ఫ్రేములో కూర్చున్నది ఇంకొకటి. అద్దాలు తయారుచేసే ల్యాబ్ వాళ్లు మార్చి పంపారు. నేను పట్టుకోలేకపోయాను. పవర్‌లో తేడా లేదు, కళ్లకు హాని లేదు, ఆ భయం పెట్టుకోకండి. కానీ మీరు డబ్బు కట్టిన అద్దం అది కాదు.

ఇది బయటపెట్టింది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట టైలరన్న. ఆరేళ్లుగా మన దగ్గరే జోడు చేయించుకుంటున్నాడు. "కుట్టు బాగానే కనపడతా ఉండాది, పక్కన గుడ్డ మాత్రం అలలు పోతా ఉండాదన్నా" అన్నాడు. రెండు వారాలు పెట్టుకుంటే అలవాటైపోతుందని పంపేశాను. కొత్తగా వేసుకున్న వాళ్లకైతే ఆ మాట నిజమే. ఆరేళ్లుగా అదే రకం వాడుతున్న మనిషికి అలవాటు గురించి చెప్పడమేంటని నాకు అప్పుడు తట్టలేదు. మూడోసారి మెడలో టేపుతోనే వచ్చాడు. దాన్ని కౌంటర్ మీద పరిచి, తల కదపకుండా పాత జోడుతో ఆరు అంగుళాల మేర అంకెలు చదివాడు. కొత్తదానితో ఐదు కూడా రాలేదు. అటూ ఇటూ అంకెలు అలికేసినట్టున్నాయన్నాడు.

ఆయన వెళ్లాక అద్దం తీసి, వెనకాల నల్లగుడ్డ పెట్టి, ట్యూబులైటు కింద వాల్చి చూశాను. ప్రతి ప్రోగ్రెసివ్ అద్దం మీదా 34 మిల్లీమీటర్ల దూరంలో రెండు సన్నటి గుర్తులు చెక్కి ఉంటాయి. మేం తెప్పించే రకంలో వాటి కింద డిజైన్ నంబరు కూడా ఉంటుంది. అద్దం వచ్చిన కవరు మీద 14, అద్దం మీద 11.

ఆ అంకె ఏంటో చెప్పాలి. చత్వారానికి వాడే బైఫోకల్‌లో గీత కింద దగ్గర చూపు, పైన దూరం చూపు. ప్రోగ్రెసివ్‌లో గీత ఉండదు, పై నుంచి కిందికి పవర్ మెల్లగా ఎక్కుతుంది. ఆ ఎక్కే దారినే కారిడార్ అంటారు. 14, 11 అంటే దాని పొడవు, మిల్లీమీటర్లలో. దారి పొట్టిదైతే పవర్ గబగబా ఎక్కాలి, అప్పుడు పక్కల మసక కూడా అంత వేగంగా పెరుగుతుంది. పవర్ కిందికి ఎంత వేగంగా ఎక్కితే, పక్కకి మసక దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుందని మింక్‌విట్జ్ అనే జర్మన్ గణితవేత్త 1963లోనే లెక్క కట్టి చూపించాడు. ఎంత ఖరీదైన అద్దమైనా ఆ లెక్క తప్పించుకోలేదు. దగ్గర చూపుకి అదనంగా 2.00 పవర్ ఉన్నవాళ్లకి, మసక 0.50 దాటని దారి వెడల్పు 14లో సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. 11లో మూడు కూడా రాదు. మిషన్ మీద గుడ్డ, కంప్యూటర్, కొట్లో తక్కెడ, ఇవన్నీ మనం చూసేది ఆ సన్నటి దారిలోంచే.

ల్యాబ్‌కి ఫోన్ చేస్తే మేనేజర్ మొదట అన్న మాట, "మీ మార్కింగ్ ఒకసారి చూసుకోండి సార్." మార్కింగ్ అంటే కంటిపాప ఎదురుగా అద్దం మీద చుక్క పెట్టడం. ఇరవై ఏళ్లుగా నేను ఎవరి జోడుకీ అందాజాగా చుక్క పెట్టలేదు. ఫ్రేము ముఖానికి సరిగ్గా కూర్చునేదాకా వంచి, ఎదురుగా అదే ఎత్తులో కూర్చుని, ఒక్కో కంటికీ విడిగా కొలత తీస్తాను. ముక్కు మధ్య నుంచి ఒక కంటిపాప 31 మిల్లీమీటర్లు, రెండోది 33 ఉండే ముఖాలు ఎన్నో చూశాను. అలాంటిది నా మార్కింగ్ తప్పన్నాడు. ఫోటోలు పంపాక గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడంతా చిన్న ఫ్రేములేనట, అందుకని ఆ రకంలో 14 ఆపేశారట. "ఎవరూ అడగలేదు సార్, మీరొక్కరే" అన్నాడు. మాతో ఒక్క మాట చెప్పకుండా, పాత కవర్లలోనే పెట్టి పంపారు. ఆ తర్వాత రేటు తగ్గిస్తామని రెండుసార్లు ఫోన్ చేశారు. ఆ ల్యాబ్‌తో నాకిక పని లేదు.

31 మందిలో బాగాలేదని వచ్చింది ఏడుగురు. మిగతా 24 మందికి చెప్పాలా వద్దా అన్నదే నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. "బాగుందనుకునే వాళ్లను కదిలించి లేని అనుమానం పెట్టడం దేనికి నాన్నా" అన్నాడు మా అబ్బాయి. అదీ కొంత నిజమే, ఖర్చు కూడా చిన్నది కాదు. చివరికి ఒక్కరికి ఫోన్ చేసి చూద్దామని మూలాపేటలో ఉండే రిటైర్డ్ టీచరమ్మకు చేశాను. జోడు బీరువాలో పెట్టేసి మళ్లీ పాత బైఫోకల్ పెట్టుకుంటున్నానని చెప్పింది. "మెట్లు దిగాలంటే భయమేస్తా ఉండె. వయసు మీద పడింది, నాకే తెలవడంలా అనుకున్నా నాయనా" అంది. పొట్టి కారిడార్‌లో దగ్గర పవర్ తొందరగా మొదలవుతుంది కాబట్టి కాలికింద మెట్టు మసకగానే కనిపిస్తుంది. ఆమె కళ్లలో లోపమేమీ లేదు. ఆ రోజు సాయంత్రానికి మిగతా 23 మందికీ ఫోన్ చేశాను. నలుగురు ఎత్తలేదు. ఆ నలుగురి కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

అద్దాలు మార్చి ఇస్తాను, పైసా తీసుకోను. 11 చెడ్డ అద్దమేమీ కాదు, చిన్న ఫ్రేముకి అదే కావాలి. 14 వేయాలంటే కంటిపాప నుంచి ఫ్రేము అడుగుదాకా కనీసం 18 మిల్లీమీటర్లు ఉండాలి. మీకు హాయిగా ఉంటే అదే ఉంచుకోండి, మీ బిల్లు మీద ఏ అద్దమో సరిచేసి రాసిస్తాను. కొత్త ల్యాబ్ నుంచి రావడానికి ఇదివరకులా నాలుగు రోజులు కాదు, ఎనిమిది పడుతుంది. ఇక మీదట మీరు పెట్టుకుని చూశాకే అద్దం మీద ల్యాబ్ వేసి పంపే ఇంకు గుర్తులు తుడుస్తాను, చెక్కిన నంబరు మీకు చూపించాకే డబ్బు తీసుకుంటాను.

బుచ్చి, కోవూరు నుంచి వచ్చేవాళ్లు బయల్దేరే ముందు ఒక ఫోన్ చేయండి. మార్కింగ్ చేసేది నేనొక్కణ్నే, భోజనానికి వెళ్తే మీరు గంటసేపు కూర్చోవాల్సి వస్తుంది. పాత జోడు ఉంటే అదీ తెచ్చుకోండి.