నూనె డబ్బాకు రెండు చిల్లులు

అమలాపురం,
ఆదివారం

చిరంజీవి చిన్నబ్బాయికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. నిన్న రాత్రి నీ ఫోను తరువాత నాకు నిద్ర పట్టలేదు. కమోడ్‌లో ఎలుక కనిపించిందంటే భయపడే మనిషిని కాదు నేను. దానికి మీ ప్లంబరు చెప్పిన విరుగుడు విని భయం వేసింది. డాబా మీద గాలి గొట్టానికి మూత బిగించేస్తే పీడ పోతుందన్నాడా? ఆ పని మాత్రం చేయించకు. ఫోనులో చెబితే సగంలోనే ‘సరేలే అమ్మా’ అంటావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం సామెత అనుకుంటాం. నేను చేసి చూశాను. నువ్వు ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్న ఏడాది, రాత్రిళ్ళు గొట్టంలో గీరుతున్న చప్పుడు వినిపించేది. ఒకరోజు మీ నాన్నగారు ఊళ్ళో లేనప్పుడు డాబా ఎక్కి, పాత నెయ్యి డబ్బా గొట్టం మీద బోర్లించి, చుట్టూ సిమెంటు మెత్తి దిగాను. వారం తిరగకుండానే కింద బాత్రూమ్‌లో నిలబడలేనంత కంపు. మేడ మీద ఫ్లష్ నొక్కితే చాలు, కింద బాత్రూమ్ నేలలో నీళ్ళు పోయే చోట ఉండే నహానీ ట్రాప్‌లో నీళ్ళు గుడగుడమని పొంగేవి, ఆ వెంటనే ఎవరో పీల్చుకున్నట్టు లోపలికి పోయేవి. మీ నాన్నగారు ఆ బాత్రూమ్‌లో అగరొత్తులు వెలిగించారు. దేవుడి గదిలో కూడా ఏనాడూ అన్ని వెలిగించలేదు. చివరికి మేస్త్రీ వచ్చి సుత్తితో నా డబ్బాను పగలగొట్టి, ‘ఇంటికి ముక్కు మూసేశారు కదండీ అమ్మగారూ’ అన్నాడు.

నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెట్టి వంచితే ఏమవుతుందో నీకు తెలుసు. గుటక గుటకగా పడి స్టవ్వంతా చిందుతుంది. ఎదురుగా రెండో చిల్లు పెడితే ధార సాఫీగా వస్తుంది. మన ఇంటి మురుగు గొట్టాలకు ఆ రెండో చిల్లే డాబా మీది గాలి గొట్టం. కమోడ్ కింద వంపులో, నహానీ ట్రాప్‌లో సుమారు రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. మురుగు గాలి ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీరే. పైనుంచి గాలి అందకపోతే, దిగే నీళ్ళు తమతో పాటు ఆ నీటిని కూడా లాక్కుపోతాయి. ఆ తరువాత కంపుకు అడ్డేముంది? అందుకే గొట్టంలో గాలి ఆడాలి, ఎలుక మాత్రం దూరకూడదు.

ఇంకో సంగతి. నీ ఎలుక డాబా మీదనుంచే దిగిందని ఎలా తేల్చారు? కింద మురుగు కాలువ నుంచి కూడా వస్తాయి. నాలుగంగుళాల గొట్టంలో వీపు ఒక పక్కకు, కాళ్ళు మరో పక్కకు ఆనించి నిలువునా ఎక్కేస్తాయి. ఈత వాటికి పుట్టుకతో వచ్చిన విద్య, ఆ వంపులో నీళ్ళు ఒక లెక్క కాదు. కింద దారి తెరిచి ఉంచి పైన మాత్రం జాలీ వేస్తే, గొట్టంలోకి ఎక్కిన ఎలుకకు మీ కమోడే గుమ్మం అవుతుంది. కాబట్టి ముందు కింద మురుగు గొట్టాలు కలిసే గుంటలు, అదే ఛాంబర్లన్నీ తెరిపించి చూడు. మూత విరిగిందా, వాడకంలో లేని పాత గొట్టం మూతి తెరిచే ఉందా అన్నది నీ కళ్ళతో చూడు, ప్లంబరు మాట మీద వదలకు. ఛాంబరు పక్కన మట్టి కుప్ప కనబడితే అది పందికొక్కు పని. (ఇంగ్లీషువాళ్ళ బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే వెళ్ళింది. మనం వాళ్ళకు ఇచ్చిన మాటల్లో ఇదొకటి, ఏం చేస్తాం!) పందికొక్కు తవ్వే రకం. గొట్టాలు, వైర్లు పట్టుకుని డాబా ఎక్కేది మామూలు ఇంటి ఎలుక.

కింద పని అయ్యాకే డాబా సంగతి. దుకాణంలో దొరికే ప్లాస్టిక్ టోపీ ఒక్కటే పెడితే చాలదు. దాన్ని ఊరికే తొడిగి వదిలేస్తారు, ఎండకు నాలుగేళ్ళలో పెళుసెక్కుతుంది, మీ వైపు కోతులు ఉంటే అంతకు ముందే పీకేస్తాయి. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి దోమల వల కట్టమని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ చెప్పి వెళ్తారు. దోమకు అది సరే, నైలాను వల ఎలుక పళ్ళకు ఒక్క రాత్రి పని. స్టీలు జాలీ తీసుకో, కన్ను పావు అంగుళం ఉండాలి. అర అంగుళం కంతలోంచి ఎలుక దూరగలదు, చిట్టెలుక సంగతి చెప్పనే అక్కర్లేదు. మరీ సన్నది వద్దు, దుమ్ము, సాలెగూళ్ళు పట్టి అది నా నెయ్యి డబ్బా అయి కూర్చుంటుంది. జాలీని బల్లపరుపుగా పరచకుండా బుట్టలా పైకి ఉబ్బించి, అంచులు గొట్టం మీదకు బెత్తెడు దించి, గ్యాస్ గొట్టానికి వేసే క్లిప్పు లాంటిదే పెద్దది తెచ్చి స్క్రూతో బిగించాలి. తీగతో కట్టకు, తుప్పు పట్టి తెగుతుంది. ఏటా వానలకు ముందు విప్పి దులిపించు.

మీ తాతగారు కొబ్బరిచెట్లకు మూరెడు వెడల్పు రేకు చుట్టించేవారు, గుర్తుందా? నున్నటి రేకు మీద ఎలుకకు గోరు ఆనదు, జారిపోతుంది. డాబా మీద గొట్టం గోడకు దూరంగా నిలబడి ఉంటే దానికీ అలాగే చుట్టించు. పిట్టగోడకు ఆనుకుని ఉంటే దండగ, గోడ మీదనుంచి దూకుతుంది. డాబాకు తగులుతున్న మామిడి కొమ్మ, ఇంటర్నెట్ వైరు కూడా ఓసారి చూసుకో.

మందు పెట్టవద్దు. గొట్టంలో చచ్చిందంటే తీసేవాడు దొరకడు. ఆ కమోడ్‌ను చేతులకు తొడుగులు వేసుకుని బ్లీచింగ్‌తో కడిగించు. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, ఇంట్లో పసిపాప ఉంది. చుట్టాల కోసం కట్టించిన ఆ పై బాత్రూమ్ వాడడం లేదని కోడలు చెప్పింది. వారానికి ఒక చెంబు నీళ్ళు అందులో పోస్తూ ఉండమను. ట్రాప్ ఎండిపోతే మళ్ళీ కంపు మొదలు.

జాలీ ఇక్కడే కొని పార్సిలులో పంపిస్తామని మీ నాన్నగారు అప్పుడే చెప్పులు వేసుకుని కూర్చున్నారు. గొట్టం చుట్టూ దారం వేసి కొలిచి చెప్పు. 34, 35 సెంటీమీటర్లు వస్తే నాలుగంగుళాలది, 23, 24 వస్తే మూడంగుళాలది. నువ్వే డాబా ఎక్కి కొలువు, ప్లంబరును అడగకు.

ఆశీస్సులతో,
అమ్మ