సాహిత్య విభాగం వార్షిక నివేదిక: లఫ్కాడియో హర్న్‌ను చదివిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

మనం కాపురముంటున్న ఈ డబ్లిన్‌లోనే పెరిగిన రచయిత లఫ్కాడియో హర్న్ కథలను ఈ ఏడాది చదువుకున్నాం. ఆయన 1850లో గ్రీకు దీవి లెఫ్కాదాలో పుట్టారు. తల్లి గ్రీకు, తండ్రి ఐరిష్. చిన్నతనంలోనే డబ్లిన్ చేరి, నాయనమ్మ తోబుట్టువు దగ్గర పెరిగారు. ఐర్లండ్ పశ్చిమ ప్రాంతమైన కొనాట్ నుంచి వచ్చిన దాది చెప్పే దయ్యాల కథలు అప్పుడు విన్నవే. పదహారో ఏట ఎడమకన్ను పోయింది. అమెరికాలోని సిన్సినాటి, న్యూ ఆర్లీన్స్, కరీబియన్ దీవి మార్టినిక్ తిరిగి 1890లో జపాన్ చేరారు. 1896లో కొయిజుమి యకుమొ పేరుతో ఆ దేశ పౌరుడయ్యారు.

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది ఆయన 1884 నాటి పుస్తకం ‘స్ట్రే లీవ్స్ ఫ్రమ్ స్ట్రేంజ్ లిటరేచర్’ మీద. జపాన్ ముఖం చూడకముందే, న్యూ ఆర్లీన్స్‌లో పత్రికల్లో పనిచేస్తూ, ఆయన మన బేతాళుణ్ణి ఇంగ్లీషులో తిరగరాశారు! చెట్టుకు తలకిందులుగా వేలాడే శవం, దాన్ని భుజాన వేసుకునే విక్రమార్కుడు. చందమామ చదివి పెరిగినవాళ్ళకు పరిచయం అక్కర్లేదు. బకావళి కథ కూడా అందులోనే ఉంది. అయినా 1904లో వచ్చిన జపాన్ దయ్యాల కథల సంపుటి ‘క్వైదాన్’ ముందు ఆ పుస్తకం తేలిపోతుందనే మా అభిప్రాయం. అప్పట్లో ఆయన గ్రంథాలు చూసి రాశారు, జపాన్‌లో చెవులతో విని రాశారు.

ఆ వినిపించింది భార్య సెత్సు. రాత్రిపూట దీపం వత్తి తగ్గించి కథ మొదలుపెట్టేవారట. ఆమె పుస్తకం తీస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు, ‘నీ మాటల్లోనే చెప్పు’ అనేవారు. చెవుల్లేని హోయిచి అనే గుడ్డి పాటగాడి కథ రాస్తున్నప్పుడు చీకటి పడినా దీపం వెలిగించలేదు. పక్కగదిలోంచి ఆమె ‘హోయిచీ’ అని మెల్లగా పిలిస్తే, ‘నేను గుడ్డివాణ్ణి, ఎవరు మీరు?’ అని లోపలినుంచి జవాబొచ్చింది. ఈ సంగతులన్నీ సెత్సు జ్ఞాపకాల్లో ఉన్నాయి. ఆమె పేరు హర్న్ పేరు పక్కనే నిలవాలని మేం గట్టిగా నమ్ముతున్నాం.

అందుకే పిల్లల కార్యక్రమంలోనూ పుస్తకం పట్టుకోకూడదనే నియమం పెట్టాం. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు కథలు చెప్పారు. మర్రిచెట్టు దయ్యం దగ్గర పిల్లలు ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. ఇక్కడే పుట్టిన పిల్లలు తెలుగులో ‘తర్వాతేమైంది?’ అని అడిగితే మాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

వేసవిలో వాటర్‌ఫర్డ్ కౌంటీ ట్రమోర్ వెళ్ళాం. హర్న్ చిన్నప్పుడు సెలవులు గడిపిన సముద్రతీరం అది. అక్కడ ఆయన పేరుతో 2015లో తెరిచిన జపనీస్ తోటలో ‘మంచుపడతి’ కథ తెలుగులో చదివాం.

జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే కథలను రికార్డు చేసి దాచే పనిని వచ్చే ఏడాదికి ప్రతిపాదిస్తున్నాం. ఈ సెలవులకు ఊరు వెళ్ళే సభ్యులు అక్కడినుంచే మొదలుపెట్టండి. ఫోన్ చాలు, కథ మధ్యలో మాత్రం ఆపొద్దు.

సాహిత్య విభాగం తరఫున,
కార్యదర్శి