నష్టం కౌలు రైతుది, పరిహారం పాస్‌బుక్‌ది

సంపాదకులు గారికి నమస్కారం.

తుపాను వచ్చి వెళ్లిన ప్రతిసారీ పేపర్లో ఇన్ని కోట్లు విడుదల, ఇంతమంది రైతుల ఖాతాల్లో జమ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ ఖాతాలు ఎవరివో కూడా ఒకసారి రాయండి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి నేను కౌలుకి చేస్తున్న 4 ఎకరాల వరి కోసి పనల మీద ఉంది. కూలీలు దొరక్క రెండు రోజులు ఆగాం, ఆ రెండు రోజులే కొంప ముంచాయి. చేలో నీళ్లు బయటికి పోయేసరికి పనల్లో మొలకలు వచ్చేశాయి, ఎకరానికి 30 బస్తాలు అనుకున్నది 9 బస్తాలకు దిగింది, అవీ రంగు మారినవే. కౌలు మాత్రం ఎకరానికి 20 బస్తాలు. దానికి తుపానుతో పనిలేదు.

నష్టం రాసుకోవడానికి వచ్చిన కుర్రాడు మంచివాడే, గట్టు మీద నిలబడి పోకుండా బురదలోకి దిగి ఫోటోలు తీశాడు, పరిహారానికి 33 శాతం పంట పోతే చాలట, 33 శాతం ఏంటి బాబాయ్ మొత్తం పోయిందిగా అన్నాడు. తీరా పేరు రాసే దగ్గర సీసీఆర్‌సీ, అంటే కౌలు రైతుకిచ్చే పంట సాగుదారు హక్కు కార్డు అడిగాడు. లేదన్నాను. అయితే వన్‌బీలో, అంటే భూమి రికార్డులో ఉన్నవాళ్ల పేరే పడుతుంది అన్నాడు, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు.

మా ఆసామి, అంటే పొలం యజమాని, హైదరాబాద్‌లో ఉంటారు, ఆరేళ్లుగా పొలం గట్టెక్కింది లేదు. డబ్బులు పడ్డాక ఆయనే నాకు ఫోన్ చేసి, ఏవో జమయ్యాయి, దేనికవి అని అడిగారు! చెప్పాను. న్యాయంగానే ఆలోచించారు, నేను బాకీపడ్డ కౌలులో ఆ మొత్తం తగ్గించుకున్నారు.

కార్డు ఎందుకు లేదంటే, 2019 చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే రేపు పొలం మీద హక్కు అంటారేమోనని వాళ్ల భయం, హక్కు రాదని ఆ చట్టమే చెబుతున్నా సరే. అంతకుముందు 2011 చట్టంలో ఈ సంతకం పేచీ లేదు. ఉన్న దారి ఎందుకు మూసేశారో, ఏ పార్టీవాళ్లనడిగినా తిన్నగా చెప్పరు.

పోనీ అదేమన్నా లక్షలా? కేంద్రం 2022-26 నిబంధనల్లో నీటివసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000, అదీ 2 హెక్టార్ల వరకే. ఎకరానికి లెక్కేస్తే 6,900 కూడా రాదు. రాష్ట్ర ప్రభుత్వం 2024 వరదలప్పుడు వరికి ఎకరాకు 10,000 అంది, సంతోషం. కానీ ఎంత పెంచినా పోయేది ఆ పట్టాదారు పాస్‌బుక్‌లో ఉన్న పేరుకే కదా.

నేనడిగేది ఒక్కటే. ఈ-క్రాప్‌లో, అంటే ఏ చేలో ఏ పంట ఉందో ప్రభుత్వం నమోదు చేసేటప్పుడు, దున్నేది ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు, పక్క చేలవాళ్లు ఇద్దరు సాక్ష్యం చెబితే, గ్రామసభలో ఒకసారి చదివితే చాలు, ఆ పేరే రాయండి, నష్టం డబ్బు ఆ పేరుకే వేయండి. పొలం ఆసామిదే, ఎవరూ కాదనరు. పోయిన పంట మాత్రం ఆయనది కాదు.

మా ఆసామి ఈ ఏడాది కూడా సంతకం పెట్టనన్నారు. నారుమడి పోసేశాను.

— ఒక కౌలు రైతు, బాపట్ల జిల్లా