శిక్షణ పొందిన యువత లెక్క ఊరికి చెప్పాలి

సంపాదకులకు,

మా మండల పరిషత్ సర్వసభ్య సమావేశాల్లో యువతకు ఉపాధి శిక్షణ అనే అంశం వ్యవసాయం, తాగునీరు, గృహనిర్మాణం అన్నీ అయిపోయాక, సభ్యులు భోజనాలకు లేచే వేళకు వస్తుంది. సంబంధిత ఉద్యోగి శిక్షణ పొందినవారు ఇంతమంది, ఉద్యోగాల్లో చేరినవారు ఇంతమంది అని రెండు అంకెలు చదువుతారు. వారు ఏ ఊరివారు, ఏ కంపెనీలో ఎంత జీతానికి చేరారు అని ఎంపీటీసీ ఎవరైనా అడిగితే, ఆ వివరాలు శిక్షణ సంస్థ దగ్గర ఉంటాయన్నది సమాధానం. ప్రశ్న మినిట్స్ పుస్తకంలోకి కూడా ఎక్కదు.

దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనను 2014 సెప్టెంబరు 25న ప్రారంభించారు. 15 నుంచి 35 ఏళ్ల లోపు గ్రామీణ పేద యువతకు ఉచితంగా శిక్షణ ఇచ్చి ఉద్యోగంలో చేర్చడం దీని ఉద్దేశం. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. మన రాష్ట్రంలో ఉపాధి కల్పన కోసం ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ సీడాప్ ద్వారా ఇది అమలవుతుంది. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలని, మూడు నెలలు జీతం అందినట్టు ఆధారం ఉంటేనే దాన్ని ఉద్యోగంగా లెక్కించాలని పథకం తొలి మార్గదర్శకాల్లోనే ఉంది. నియమం మంచిదే. అయితే ఆ ఆధారాలను శిక్షణ సంస్థ సమర్పిస్తుంది, పై ఏజెన్సీలు పరిశీలిస్తాయి. పిల్ల పని మానేసి ఇంటికి వచ్చేసిందన్న సంగతి అందరికంటే ముందు తెలిసే ఊరికి మాత్రం ఈ పరిశీలనలో చెప్పుకోదగ్గ పాత్ర లేదు.

మా వీధి అమ్మాయి ఒకరు ఇలాగే శిక్షణ ముగించుకుని తమిళనాడులోని ఒక ఫ్యాక్టరీకి వెళ్లి, రెండో నెల జీతం అందాక తిరిగి వచ్చేసింది. ఆమె పే స్లిప్ నేను చూశాను. హాస్టల్‌కు కొంత, క్యాంటీన్‌కు కొంత, బస్సుకు కొంత కోత పోగా మిగిలింది ఇక్కడ జీడిపప్పు పరిశ్రమలో వచ్చే కూలికి పెద్ద తేడాగా లేదు. ఆమె పేరు ఎదుట 'ఉద్యోగంలో చేరారు' అని ఉందో, 'మానేశారు' అని ఉందో తెలుసుకోవడానికి ఆమె తండ్రికి గాని, మా సర్పంచికి గాని దారి లేదు.

వలస వెళ్లడం శ్రీకాకుళానికి ఎవరూ శిక్షణ ఇచ్చి నేర్పనక్కర్లేదు. బతుకుతెరువు కోసం గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి, 2018 నవంబరులో సముద్రంలో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల కాని మత్స్యకారుల్లో మన తీరంవారు ఉన్నారు. అందుకే శిక్షణ పొందినవారిలో ఎందరు మన జిల్లాలోనే ఉన్న పైడిభీమవరం పరిశ్రమల్లో చేరారు, ఎందరిని రాష్ట్రం దాటించారు అన్న ప్రశ్న ఈ జిల్లాలో తప్పక అడగాల్సింది.

అడిగే అధికారం స్థానిక సంస్థలకు లేదని ఎవరూ అనలేరు. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య ఒకటి. పేదరిక నిర్మూలన మరొకటి. జిల్లా పరిషత్‌కు ఉన్న ఏడు స్థాయీ సంఘాల్లో గ్రామీణాభివృద్ధి సంఘం ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ద్వారా గ్రామసభకు సామాజిక తనిఖీ బాధ్యత అప్పగించింది. మన రాష్ట్రం ఆ పనిలో దేశానికే దారి చూపింది. మస్తరులో, అంటే కూలీల హాజరు పట్టీలో ఉన్న పేర్లను ఊళ్లోనే చదివి, 'నేను ఆ వారం పనికే వెళ్లలేదు' అని మనిషి స్వయంగా చెప్పే ఏర్పాటు మట్టి పనికి సాధ్యమైనప్పుడు, అంతకంటే ఎక్కువ ఖర్చయ్యే శిక్షణకు ఎందుకు సాధ్యం కాదు?

కనుక గ్రామాలవారీగా అభ్యర్థి పేరు, నేర్చుకున్న కోర్సు, చేరిన సంస్థ, జీతం, ఏడాది తరువాత పరిస్థితి తెలిపే జాబితాను ఆరు నెలలకోసారి గ్రామసభలో చదివించి, సభ్యుల అభ్యంతరాలతో సహా మండల పరిషత్ ముందు పెట్టాలి. పింఛన్ల జాబితాను సచివాలయం గోడకు అంటిస్తున్నప్పుడు దీనికి కొత్తగా వ్యవస్థ అక్కర్లేదు. ఆడపిల్లల ఫోన్ నంబర్లు, హాస్టల్ చిరునామాలు మాత్రం అందులో ఉండకూడదు.

సభ్యులకు జాబితా ఇస్తే సిఫారసులు మొదలవుతాయని అధికారులు అంటారు. ఆ భయం ఉత్తిది కాదు. మన నాయకుల సంగతి మనకు తెలియనిదా? అందుకే అభ్యర్థుల ఎంపికలో ప్రజాప్రతినిధులకు ఎలాంటి పాత్రా ఉండకూడదు. అడిగేది ఎంపిక అధికారం కాదు, ఎంపికైనవారు ఏమయ్యారో పరిశీలించే హక్కు. శిక్షణ సంస్థలకు చివరి విడత సొమ్ము విడుదల చేసేముందు గ్రామసభ అభ్యంతరాలను పరిష్కరించాలన్న షరతు పెట్టేలా జిల్లా పరిషత్ గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా