జీపీఏ ఉందని నిశ్చింతగా ఉండొద్దు

సంపాదకులకు నమస్కారం.

అబ్బాయికో అమ్మాయికో జీపీఏ (మన తరఫున వ్యవహారాలు నడిపే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రం) రాసిచ్చాం, రేపు మంచాన పడ్డా వాళ్లే అన్నీ చూసుకుంటారని చాలామంది పెద్దలు ధీమాగా ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దయిపోతుంది. రిజిస్టరు చేయించినా ఇంతే. నామినీ వల్లా ఉపయోగం లేదు. ఖాతాదారు పోయాకే నామినీకి డబ్బు అందుతుంది. మనిషి కోమాలో ఉంటే కుటుంబం హైకోర్టులో రిట్ వేసి, తమను సంరక్షకులుగా నియమించమని కోరాల్సి వస్తోంది. ఆలోగా ఆస్పత్రి బిల్లు పెరుగుతూనే ఉంటుంది.

ఖాతాను నమ్మకమైన వాళ్లతో కలిపి ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’గా, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా మార్చుకుంటే రోజువారీ ఖర్చులకు ఇబ్బంది ఉండదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. గడువు తీరాక ఒకరి సంతకం చాలు గానీ, ముందే తీయాలంటే ఇద్దరూ పెట్టాలంటారు. అందుకే కొంత సొమ్మయినా పొదుపు ఖాతాలోనే ఉంచుకోవాలి.

వైద్యం విషయంలో దారి కాస్త మెరుగు. కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ వంటివి వద్దని ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌ను సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇప్పుడు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరణ చేయించాలి. మన తరఫున మాట్లాడేవాళ్లుగా ఒకరికి మించి పేర్లు రాయవచ్చు. తప్పకుండా రాయండి. ఒక్కరి పేరే ఉండి, ఆ ఒక్కరూ విదేశంలో ఉంటే అర్ధరాత్రి ఐసీయూలో డాక్టరు ఎవరిని అడగాలి? ఆస్తిలో వాటా ఉన్నవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడమే మేలు. కాగితాన్ని లాకర్లో దాచొద్దు. ఒక ప్రతి మున్సిపాలిటీ లేదా పంచాయతీ అధికారికి, ఒకటి కుటుంబ వైద్యుడికి, పేర్లు రాసిన ప్రతి ఒక్కరికీ ఒకటి ఇవ్వాలి. మనసు మారితే రాతపూర్వకంగా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

మానసిక చికిత్సకైతే 2017 చట్టం ప్రకారం తెల్లకాగితం మీద రాసి సంతకం చేసినా ప్రతినిధిని నియమించుకున్నట్టే.

ఇవేవీ ఆస్తి వ్యవహారాలకు పనికిరావు. మతి తప్పాక కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీకి ఇంగ్లండ్‌లో 2005 చట్టం వీలు కల్పిస్తోంది. వాడే ముందు దాన్ని ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయించాలన్న షరతు ఉంది. మన పార్లమెంటు కూడా అలాంటి చట్టం తేవాలి. దుర్వినియోగం జరుగుతుందన్న భయముంటే, అధికారం పొందినవాళ్లు ఏటా లెక్కలు చూపాలని అందులోనే రాయవచ్చు.

– ఒక న్యాయవాది